పుస్తెలకు కొక్కెం, అండాలుకు ఎర్రచీర

మీరు నటులకు వేషాలు కట్టే ఈ పనిలోకి వస్తున్నారు కాబట్టి ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పండి: వేషాల గదిలో దేవుడి కిరీటం చేయిజారి నేల మీద పడితే ఎవరు చచ్చిపోతారు?

ఆలోచించుకోండి. నా చేతుల్లోంచి కిరీటాలు చాలాసార్లు పడ్డాయి. ఒకసారి విష్ణువుది, ఒకసారి ఇంద్రుడిది, ఒక బడి వార్షికోత్సవంలో భరతమాతది. ఎవరూ పోలేదు. అట్ట వంగింది, అద్దాల బిళ్లలు ఊడాయి, బంక పెట్టి అంటించాను. అయినా కిరీటం పడిన ప్రతిసారీ గదిలో పెద్దవాళ్లంతా గుండె మీద చెయ్యి వేసుకున్నారు. అదే గదిలో కరెంటు తీగ ఊడి తల మీద వేలాడుతుంటే మాత్రం దాని కిందే కూర్చుని టీ తాగారు.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక నాటకాల డ్రెస్ కంపెనీలో వేషాలు కట్టాను. మాది నల్లగొండ వైపు పల్లె. మా నాన్న బడిపంతులు. జాతకాల మీద, దయ్యాల మీద, విధవల పెళ్లిళ్ల మీద ఊరూరా వాదసభలు పెట్టి, గెలిచిన ప్రతి వాదానికీ ఒక స్నేహితుణ్ని పోగొట్టుకున్న మనిషి. ఆయన నుంచి నాకు సంక్రమించిన ఆస్తి నోరు. దానితో వేషాల గదిలో బతకడం కష్టమని అందరూ చెప్పారు. కష్టమే, కానీ గదికి కూడా కష్టంగానే ఉండేది.

పని

నటుడు బాగా చేస్తే "ఎంత బాగా చేశాడు" అంటారు. పంచె ఊడితే "ఎవర్రా కట్టింది" అంటారు. మన పేరు ఎవరైనా అడిగే సందర్భం అదొక్కటే. ఇది తెలిసి రండి.

చీర కుచ్చిళ్లు పోయడం అందరికీ వచ్చు. ఆ మనిషి ఏ కాలు ముందు వేస్తుందో చూసి పోయడం నేర్చుకోవాలి. లంగా బొందు మీరు ముడి వేయకండి, ఆమె చేతే వేయించండి. పాట పాడేటప్పుడు ఎంత ఊపిరి పీలుస్తుందో ఆమె పొట్టకే తెలుసు. పిన్నీసులు నోట్లో పెట్టుకోకండి. నేను పెట్టుకునేదాన్ని. ఒకరోజు తుమ్ము వచ్చింది. అంతకుమించి చెప్పను.

నటులు మీతో రహస్యాలు చెబుతారు. జాకెట్టు హుక్కులు పెట్టేవాళ్ల ముందు మనుషులు ఎందుకో నిజమే మాట్లాడతారు. విని ఊరుకోండి. సలహా అడిగితే తప్ప ఇవ్వకండి. ఈ మాట నేను నా మీద ప్రయోగం చేసి తెలుసుకున్నాను. ఆ కథే కింద చెబుతున్నాను.

మాస్టారి నియమాలు

కంపెనీ పరంధామయ్య మాస్టారిది. గుంటూరు వైపు మనిషి, పౌరాణిక నాటకాల బృందాలతో తిరిగి తిరిగి చివరికి దిల్‌సుఖ్‌నగర్ బస్సు డిపో వెనక సందులో స్థిరపడ్డారు. అటు ఒక కోచింగ్ సెంటరు, ఇటు ఒక కోచింగ్ సెంటరు, మధ్యలో మా గద, బాణం, గడ్డాలు. మంచి పనివాడు. భయంకరమైన భక్తుడు. నేను పనికి చేరిన రోజే నియమాలు చెప్పారు. కిరీటం నేల మీద పెట్టకూడదు. గదను దాటకూడదు. నెలసరి రోజుల్లో కిరీటాలూ గజ్జెలూ ముట్టుకోకూడదు.

మొదటి నెలలోనే ముట్టుకున్నాను. ముట్టుకుని, ఆయనకు చెప్పాను కూడా.

మాస్టారు చాలాసేపు ఆలోచించారు.

"అమ్మాయ్, ముట్టుకుంటే ముట్టుకున్నావ్. నాకెందుకు చెప్పావ్?"

"మీరు నియమం పెట్టారు కదా మాస్టారూ."

"పెట్టాను. ఇకమీదట చెప్పకుండా ముట్టుకో."

సంస్కరణ ఈ దేశంలో ఎంత దూరం వచ్చిందో, ఎక్కడ ఆగిందో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు మళ్లీ దొరకలేదు.

ఇంకొక నియమం ఉంది, అది మా వృత్తిలోవాళ్లకు మాత్రమే అర్థమవుతుంది. స్టేజీ మీద పెళ్లయిన ఆడదాని వేషానికి పుస్తెలతాడు కావాలి. దాన్ని కట్టేది డ్రెస్సర్. మూడు ముళ్లు వేస్తే పెళ్లి అయిపోయినట్టు. అందుకని రెండే ముళ్లు వేయాలి. మగవాళ్లు వేషాలు కట్టే కాలంలో పుట్టిన నియమం అది. వాళ్ల భయం వాళ్లది. ఆడదాన్ని నేను వచ్చాక కూడా నియమం అలాగే ఉంది. ఆచారానికి కారణం పోయినా అది ఇల్లు ఖాళీ చేయదు.

ఊడిన రెండు ముళ్లు

కాలనీ హాల్లో పౌరాణిక నాటకం. ఆడేవాళ్లంతా కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఉద్యోగులు. పగలు ఫైళ్లు, సాయంత్రం పద్యాలు. భర్త ప్రాణం కోసం యముడి వెంటపడి వాదించే ఇల్లాలి కథ. యముడు ఒక బ్యాంకు మేనేజరు. ఇల్లాలు ప్రమీల గారు, ఒక ఇంజనీరు భార్య, మంచి గొంతు.

నియమం ప్రకారం రెండు ముళ్లు వేశాను. ప్రమీల గారు యముడి కాళ్ల మీద పడే చోట, పుస్తెలతాడు ఊడి సరిగ్గా ఆయన పాదాల దగ్గర పడింది.

హార్మోనియం ఆగిపోయింది. బ్యాంకు మేనేజరు పద్యం మరిచిపోయాడు. వంగి, తాడు తీసి, కౌంటర్లో మరిచిపోయిన పెన్ను చూపించినట్టు చూపించి అడిగాడు:

"అమ్మా, ఇది మీదేనా?"

ప్రమీల గారు తల ఎత్తి అన్నారు:

"తీసింది మీరే స్వామీ. ఇవ్వాల్సిందీ మీరే."

హాలు చప్పట్లతో ఊగిపోయింది. నాటకంలో లేని ఆ మాటనే మర్నాడు కాలనీ అంతా చెప్పుకుంది. కానీ వేషాల గదిలో ప్రమీల గారి భర్త ముఖం తెల్లగా పాలిపోయి కూర్చున్నాడు. ఆరోగ్యంగా ఉన్నాడు, చేతిలో సమోసా ఉంది. అయినా శాంతి చేయించాలన్నాడు.

మాస్టారు నన్ను పక్కకు పిలిచారు. "దేవుడంటే నీకు నమ్మకం లేదు. అందుకే జారింది."

"మూడో ముడి వేయనందుకు జారింది మాస్టారూ."

"మూడు వేస్తే పెళ్లి అయినట్టే."

"ఎవరితో? నాతోనా?"

మర్నాడు మాస్టారు కంపెనీలో ఉన్న పుస్తెలతాళ్లన్నిటికీ వెనక ఇత్తడి కొక్కేలు కుట్టించారు. ముళ్ల సమస్యే లేదు. నియమం అలాగే ఉంది, తాడు మాత్రం ఊడదు. చాలామంది మేధావులు సమాజాన్ని ఇలాగే బాగుచేస్తారు.

గొంగడి ఎవరిది

తర్వాత తెలంగాణ ఉద్యమం వచ్చింది. పౌరాణిక నాటకాలు తగ్గి, ధూంధాంలనే ఉద్యమ పాటల సభలు పెరిగాయి. కిరీటాలు అటక ఎక్కాయి. గొంగళ్లు, గోచులు, గజ్జెలు కిందికి దిగాయి. బృందాలకు కిరాయికి ఇచ్చేది ఎవరు? గుంటూరు మాస్టారు.

నేను రాష్ట్రం కావాలన్నదాన్ని. ఆయన వద్దన్నవాడు. మా ఇద్దరికీ గొడవ రాలేదు, ఎందుకంటే ఇద్దరం ఇస్త్రీ చేస్తూనే ఉన్నాం.

ఒక సాయంత్రం మా దుకాణంలోనే ఒక గాయకుడు గొంగడి భుజాన వేసుకుని అద్దం ముందు రిహార్సల్ మొదలుపెట్టాడు. ఆంధ్రోళ్లు మూటాముల్లె సర్దుకుని పోవాలని చెయ్యి ఊపుతూ పాడుతున్నాడు. ఆ చెయ్యి ఊగిన దిక్కున మాస్టారు కూర్చుని అతని చొక్కాకే గుండీ కుడుతున్నారు.

"పోతాలేవయ్యా," అన్నారు మాస్టారు దారం కొరికి. "ముందు నా గొంగడి విప్పి ఇవ్వు."

"గొంగడి మాది మాస్టారూ!"

"నేసింది మీరు. కొన్నది నేను."

"గదే మరి! నేసుడు మాది, కిరాయి మీది. గందుకే గదా లొల్లి!"

మాస్టారు కళ్లజోడులోంచి చూశారు. "పాయింటే. చెయ్యి ఎత్తు, చంక దగ్గర చూడాలి."

మా పొరపాట్లు కూడా చెప్పాలి. ఒక సభకు నల్లగొండ రైతు వేషానికి మాస్టారు అలవాటు కొద్దీ జరీ అంచు పంచె తీసి, కుచ్చిళ్లు ముందుకు వేలాడేలా గోదావరి మోతుబరికి కట్టినట్టు కట్టారు. రైతు స్టేజీ ఎక్కగానే వెనక వరసలోంచి ఒకరు అరిచారు: "గీ రైతు ఏ బస్సుకు వచ్చిండే?" జనం పొట్టలు పట్టుకున్నారు. కరువు మీద పాట అది. ఆ రోజు ఎవరూ ఏడవలేదు. అప్పటి నుంచి పంచెలు నేను కట్టాను. ఏ ఊరి మనిషో అడగకుండా ఎవరికీ బట్ట కట్టకండి.

ఎల్బీ నగర్, ఒక తరగతి గది

బతుకమ్మ రోజుల్లో ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గర సభ. అదే రోజు బంద్. బస్సులు లేవు, ఆటోలు లేవు. ట్రంకు పెట్టె తోపుడుబండి మీద వేసుకుని మాస్టారూ నేనూ దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచాం. దారి పొడవునా ఆయనది ఒకటే మాట: "బంద్ చేసేది వాళ్లు. బండి తోసేది నేను."

స్టేజీ పక్కన ఒక ప్రైవేటు బడి. అందులో ఒక తరగతి గది మాకు ఇచ్చారు. నల్లబల్ల మీద ఎక్కాలు, గోడ మీద మంచి అలవాట్లు.

ఆ బృందం నాయకుడు జంగయ్య. సర్కారు ఆఫీసులో గుమాస్తా. మంచి వక్త. పాటలు కడతాడు. ఆత్మగౌరవం అన్న మాట అతని నోట వింటే కూర్చున్నవాడు లేచి నిలబడేవాడు. అందులో నటన లేదు, ఇది గట్టిగా చెబుతున్నాను. లాఠీ దెబ్బలు తిన్న మనిషి.

బృందానికి గొంతు మాత్రం అండాలుది. జంగయ్య తమ్ముడి భార్య. భర్త లారీ డ్రైవరు, విజయవాడ రోడ్డు మీద పోయాడు. అప్పటి నుంచి జంగయ్య ఇంటి వెనక గదిలో ఉంటూ, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో బత్తాయిలు ఏరే పనికి పోయేది. ఆమెకు ప్రతి సభలోనూ ఒకటే వేషం: తెల్లచీరలో కొడుకును పోగొట్టుకున్న తల్లి. "ఆమెకేం వేషం మేడమ్, ఉన్నది ఉన్నట్టు నిలవడితె చాలు," అనేవాడు జంగయ్య. ఆ తర్వాత బతుకమ్మ పాట. అప్పుడు ముత్తైదువలు స్టేజీ మీద పూలచుట్టూ తిరిగితే, అండాలు తెర వెనక మైకు దగ్గర నిలబడి పాడేది. చాలా ఊళ్లలో భర్త పోయినవాళ్లు బతుకమ్మ ఆడరు. పూలు ఏరుకొస్తారు, పేరుస్తారు, పాట కూడా అందిస్తారు. తర్వాత పక్కకు జరుగుతారు. ఎవరూ జరగమనరు. అలవాటైపోతుంది.

ఆ రోజు వరస ముందు నడవాల్సిన అమ్మాయి రాలేదు. ఆమె ఎక్కాల్సిన బస్సు డిపోలోనే ఉంది. బంద్ విజయవంతమైంది.

మిగతావాళ్లకు చీరలు కడుతున్నాను. అండాలు వచ్చి ట్రంకు పెట్టెలో మిగిలిన ఎర్రచీర చూపించింది.

"అక్కా, గది నాకు కట్టు."

నేను చూస్తూ ఉండిపోయాను.

"ఏందక్కా గట్ల చూస్తవు? సైజు సరిపోదా?"

"చీరకు సైజేముంటుంది?"

"మరింకేంది? కట్టు."

ఇలాంటి క్షణం కోసం మా నాన్న జీవితమంతా ఎదురుచూశాడు. నాకు ఉత్సాహం ఆగలేదు. విధవరాలి బొట్టు చెరపడం ఏ శాస్త్రంలో ఎందుకు పుట్టింది, ఆస్తికీ దానికీ సంబంధం ఏమిటి, సంస్కర్తలు ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ రాజీపడ్డారు అని చెప్పడం మొదలుపెట్టాను. చీర చేతిలోనే ఉంది, మడత కూడా విప్పలేదు.

"అక్కా," అంది అండాలు. "మీటింగు బయట. ఈడ చీర కట్టు."

కట్టడం మొదలుపెట్టాను. కుచ్చిళ్లు దోపుతుండగా జంగయ్య లోపలికి వచ్చాడు. వెనకే అతని భార్య యాదమ్మ. అండాలుకు యారాలు, అంటే తోడికోడలు. ఆమె కూడా ఆటలో ఉంది, అప్పటికే తయారై ఉంది.

"గిదేంది?" అన్నాడు.

"ఆడనీకి పోతున్న బావా."

"నువ్వా?"

"పాట నాదే గద. ఇన్నొద్దులు తెర ఎనక వాడిన. ఇయ్యాల ముంగట వాడుత."

"ఊరోళ్లు డీసీఎం వ్యాన్ల వచ్చి ముంగటి వరసల్నే కూసున్నరు. నా తమ్ముని పెండ్లాం ఎర్రచీర కట్టుకొని ఎగురుతుంటె ఏమనుకుంటరు?"

"ఎగురుడేంది బావా, బతుకమ్మ."

నేను ఊరుకోలేదు. "జంగయ్య గారూ, ఇది వేషం. పోయిన సభలో మీ బృందంలో దొర వేషం వేసినాయన దొర అయ్యాడా?"

"అది నాటకం మేడమ్. ఇది నాటకం గాదు. మా సంస్కృతి."

"నాటకం కాకపోతే కిరాయి చీరలెందుకు? నాటకమైతే ఈమె కట్టుకుంటే తప్పేంటి?"

జంగయ్య ఆలోచించాడు. నిజాయితీగానే ఆలోచించాడు.

"మేడమ్, మీరు గెలిచిండ్రు," అన్నాడు. "అయినా ఆమె పోదు."

ఎన్నో సభల్లో ఎందరో పండితులు చుట్టూ తిప్పి చెప్పిన జవాబు ఇదే. ఇంత సూటిగా చెప్పిన మనిషిని నేను అతన్నొక్కణ్నే చూశాను.

తర్వాత అండాలు వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు.

"ఇయ్యాల గిట్ల స్టేజీ ఎక్కినవంటె, రేపటి సంది మా ఇంట్ల నీకు జాగ లేదు. సమజైందా?"

గదిలో ఆడవాళ్లంతా తమ గాజులు సర్దుకోవడం మొదలుపెట్టారు. యాదమ్మ నేల చూసింది. అండాలు నా భుజం మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. కుచ్చిళ్లు సగంలో ఉన్నాయి. ఆమె చెయ్యి బరువు నాకు తెలిసింది. పోవడానికి ఇంకొక ఇల్లు లేదు. పుట్టింట్లో ఎవరూ లేరు. మార్కెట్ పని రోజుకూలీ. ఇవన్నీ జాకెట్టు హుక్కులు పెడుతూ నేను ఎప్పుడో విన్నవే. ఈసారి నా దగ్గర ఉపన్యాసం లేదు.

మూలన ఇస్త్రీ చేస్తున్న మాస్టారు తల ఎత్తారు. రాష్ట్రం వద్దన్నవాడు, కిరీటానికి దణ్ణం పెట్టేవాడు.

"అమ్మా," అన్నారు అండాలుతో, "ఎర్ర రవికెలు రెండున్నాయి. నీకు వదులుది కావాలా, బిగుతుదా?"

"వదులుది మాస్టరూ. పాడాలె గద."

జంగయ్య విసురుగా బయటికి పోయాడు. యాదమ్మ గుమ్మం దాకా వెళ్లి, ఆగి, వెనక్కి చూసి, పోయింది.

రవికె వేశాం. గాజులు, పూలు, బొట్టు. మాస్టారు డబ్బా తీసి కొక్కెం పుస్తెలతాడు నా చేతిలో పెట్టారు. "వేషం వేశాక సగంలో వదలకూడదు," అన్నారు. నేను ఆమె మెడ వెనక్కి చేతులు పోనిచ్చాను. నాకు లోపల ఒక విజయగర్వం ఉంది, దాచను. అండాలు నా మణికట్టు పట్టుకుంది.

"గిది ఒద్దక్కా."

"ఉత్త వేషమే కదా. గిల్టు బిళ్లలు."

"వేషమైనా ఒద్దు. గిది కట్టినోడు పోయిండు, వానితోనే పోయింది. మల్ల అడుగుత లేను. బొట్టు మా అవ్వ పెట్టింది. గాజులు జాతరల మా నాయిన తొడిగిచ్చిండు. పూలు నేనే తెంపుకున్న. గవి వాడు తెచ్చిండా అక్కా, వానితోని పోనీకి?"

మాస్టారు చెయ్యి చాపారు. తాడు తీసుకుని డబ్బాలో పెట్టి మూత వేశారు.

కుచ్చిళ్లు

స్టేజీ పక్కన నిలబడి చూశాను. వేషం కట్టినవాళ్లు ముఖం చూడరు, కుచ్చిళ్లు చూస్తారు. కాబట్టి అండాలు ముఖం ఎలా ఉందో నన్ను అడగకండి.

మధ్యలో తంగేడు, గునుగు పూలు పేర్చిన బతుకమ్మ. అండాలు ముందు నడిచి పాట ఎత్తింది. ఆమె వెనకే యాదమ్మ, యాదమ్మ వెనక మిగతావాళ్లు. రెండడుగులు పడ్డాయో లేదో యాదమ్మ కాళ్లు ఆగిపోయాయి. ముందు వరసలో కూర్చున్న భర్తను చూసి ఉంటుంది. ఆమె ఆగితే వెనకవాళ్లంతా ఆగారు. వెనకవాళ్లు ముందున్నవాళ్లను దాటి నడవరు కదా.

అండాలు ఆగలేదు. తిరిగి చూడలేదు. ఒక్కతే చప్పట్లు కొడుతూ, వంగుతూ, పాడుతూ, పూలచుట్టూ మొత్తం తిరిగింది. తిరిగి, వరసలో ఆఖరామె వీపు వెనక వచ్చి నిలబడింది. అక్కడి నుంచే పాట అందించింది. చుట్టూ తిరిగే ఆటలో ఉన్న సౌకర్యం ఇది, ఎవరు ముందో ఎవరు చివరో చెప్పడం కష్టం. ఇప్పుడు అందరికంటే ముందున్నది యాదమ్మ. ఆమె కదలకపోతే ఆట ఆపింది ఆమేనని చౌరస్తా అంతా చూస్తుంది.

యాదమ్మ అడుగు వేసింది. పాటకు బదులు పలికింది. తర్వాత అందరూ పలికారు.

జనంలో ఎవరికీ ఏమీ తెలియలేదు. అప్పటికప్పుడు అలా ఆడే పద్ధతేమో అనుకున్నారు. చప్పట్లు బాగానే పడ్డాయి. ఊరివాళ్లు మాత్రం చప్పట్లు కొట్టలేదు. నేను చూశాను.

తర్వాత

జంగయ్య మాట మీద నిలబడే మనిషి. మర్నాడు అండాలు రేకు పెట్టె వాకిట్లో ఉంది. కొన్నాళ్లు మా దుకాణం అటక మీద కిరీటాల పక్కన పడుకుంది. తర్వాత అల్మాస్‌గూడలో ఒక గది కిరాయికి తీసుకుంది. అప్పట్లో అది అటు ఊరూ కాదు, ఇటు సిటీ కాదు. మార్కెట్‌కు రావాలంటే చాలా దూరం.

రవికె సైజు ఎందుకు అడిగారని మాస్టారిని ఒకసారి అడిగాను. "స్టేజీ ఖాళీగా ఉండకూడదమ్మాయ్. అదీ ఆచారమే," అన్నారు. అందులో సంస్కరణ ఎంత ఉందో, వృత్తి ఎంత ఉందో నేను తేల్చలేకపోయాను. ఆయన పోయేదాకా మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

తర్వాతి సభకు జంగయ్యే కబురు పెట్టాడు. గొంతు లేకుండా బృందం ఎక్కడికి పోతుంది? ఎర్రచీరలో ముందు నడుస్తానంటేనే వస్తానంది అండాలు. ఒప్పుకున్నాడు. మైకులో "మా ఆడబిడ్డ అండాలమ్మ" అని పరిచయం చేశాడు. సభ అయ్యాక అతను ఇంటికి, ఆమె అల్మాస్‌గూడకు. ఉద్యమం ఉన్నన్నాళ్లూ ఇలాగే నడిచింది. స్టేజీ మీద ఆడబిడ్డ, గడప దగ్గర అరిష్టం.

జంగయ్య కూతుర్ని ఎత్తుకు పెంచింది అండాలే. ఆ పిల్ల పెళ్లికి ఆమెను పిలవలేదు. "పిలిచినా ఎనక అర్రల కూసోవెడుదురు. బస్సు చార్జి మిగిలింది," అంది నాతో. నేను ఏ సలహా ఇవ్వలేదు. ఆపాటికి నేర్చుకున్నాను.

రాష్ట్రం వచ్చింది. రావాల్సిందే వచ్చింది, నాకు ఏ పశ్చాత్తాపమూ లేదు. బతుకమ్మకు లైట్లు వచ్చాయి, పెద్ద పెద్ద మైకులు వచ్చాయి. అల్మాస్‌గూడలో కాలనీలు లేచాయి. నేను పని మానేశాక, ఒక పండగకు అండాలు దగ్గరకు వెళ్లాను. కాలనీ ఆడవాళ్లంతా వాళ్ల బతుకమ్మలు ఆమె చేతే పేర్పించుకున్నారు. చదువుకున్నవాళ్లు, ఉద్యోగాలు చేసేవాళ్లు, నల్లగొండవాళ్లు, మధ్యలో గుంటూరువాళ్లు కూడా. ఆట మొదలయ్యే వేళకు ఒకమ్మాయి ఎంతో మర్యాదగా ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి మైకు పక్కన వేసింది.

"ఆంటీ, మీరు ఇక్కడ కూర్చుని పాడండి. మీకు కష్టం లేకుండా."

అండాలు కుర్చీని చూసింది. నన్ను చూసింది.

"మల్ల మొదటికెల్లి సురువు జెయ్యాల్నా అక్కా?" అంది.

కొంగు దోపుకుంది. వరసలో తనకూ చోటు అడిగింది. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. ఇంకోసారి అడిగింది. పెద్దవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి ఎవరో జరిగారు, ఆమె లోపలికి వెళ్లింది. మోకాళ్ల నొప్పి ఉంది, అయినా వంగింది.

ఇన్నేళ్లలో ఆమెను ఆట నుంచి బలవంతంగా లాగినవాళ్లు ఎవరూ లేరు. కుర్చీ వేసినవాళ్లు, నేల చూసినవాళ్లు, గాజులు సర్దుకున్నవాళ్లు ఉన్నారు. అందరూ మంచివాళ్లే. వాళ్ల మంచితనానికి ఒక ఇల్లు, ఒక పిల్ల పెళ్లి ఆమె ఖర్చుపెట్టింది. ప్రతిసారీ ఆమే అడగాలి, ప్రతిసారీ ఆమే పోగొట్టుకోవాలి, మిగతావాళ్లు చప్పట్లు కొడితే చాలు అనే ఏర్పాటు ఎవరు చేశారో నాకు తెలియదు. ఎవరు నడుపుతున్నారో తెలుసు.

మీ వీధిలో కూడా పూలు పేర్చి ఇచ్చి పక్కకు జరిగే ఆమె ఒకరున్నారు. ఆమె పేరు మీకు తెలుసు. ఆమె అడిగేదాకా ఆగకండి, సంస్కర్తల పేర్లు చెప్పకండి, కుర్చీ వేయకండి. ఈ పండక్కి వరసలో మీ ముందొక మనిషి పట్టేంత ఎడం వదిలి, ఆమె వచ్చి అందులో నిలబడేదాకా మీ నోటి నుంచి పాట రానివ్వకండి.